ఎరుపు పచ్చ అద్దాలు, ఒక క్రేను, ఒక కోడిగుడ్డు

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. గోరంతలు కొండంతలు చేస్తానని మా ఇంట్లో నామీద ఫిర్యాదు. అది కూడా తక్కువ చేసి చెప్పడమే. నేను చేసిన కొండకు నాలుగు రోజులు తిరక్కుండా ఘాట్ రోడ్డు పడుతుంది, పైన ఒక గెస్ట్‌హౌస్ లేస్తుంది. కాబట్టి ఇది చదివే కుర్రవాళ్ళు, ముఖ్యంగా కళ్ళ పరీక్షల ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు, నేను చెప్పే ప్రతి కొలతలోనూ సగం తీసేసి చదువుకోండి. దుమ్ము విషయంలో మాత్రం ఏమీ తీసెయ్యకండి. అది నేను చెప్పినదానికంటే ఎక్కువే ఉండేది.

తొంభైల చివరి సంవత్సరాలు. కొండాపూర్‌లో రెండు గదులూ ఒక వరండా ఉన్న కంటి ఆసుపత్రిలో నేను అద్దాల నంబరు చూసేవాడిని. కాకినాడ నుంచి రైలు దిగి, హఫీజ్‌పేట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, హైదరాబాదును ఉద్ధరించడానికి వచ్చినంత ధీమాగా ఉండేవాణ్ణి. చుట్టూ బండలు పగలగొడుతున్నారు, మేడలు లేపుతున్నారు. మా ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో సగంమంది కంట్లో నలక పడి వచ్చినవాళ్ళే. ఒక్కొక్కరి కంట్లోంచి డాక్టరమ్మగారు తీసిన మట్టితో ఒక ప్లాటు చదును చెయ్యొచ్చు. అవతల బండ పేలినప్పుడల్లా గోడమీద అక్షరాల చార్టు ఊగేది. ఆ ఊపులో, అంతవరకూ కనపడని కింది వరస గబగబా చదివేసినవాళ్ళు కూడా ఉన్నారు.

మొత్తం ముగ్గురం. డాక్టరమ్మగారు, నేను, వెనక గదిలో అద్దాలు అరగదీసే మాస్టరుగారు. మాస్టరుగారు పాతబస్తీ మనిషి. ఆయన స్కూటరు పొద్దున్నే చార్మినార్ దగ్గర స్టార్టు చేస్తే ఆ చప్పుడు మాకు కొండాపూర్‌లో వినపడేది. డాక్టరమ్మగారు రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడేవారు. మిగతా మాటలన్నీ ఆవిడ తరఫున కూడా నేనే మాట్లాడేవాణ్ణి.

మాకెదురుగా, రోడ్డు అవతల, ఒక పెద్ద భవనం లేస్తోంది. దాన్ని కట్టే కాంట్రాక్టరు కొత్తగా ఒక నియమం పెట్టాడు. యంత్రం నడిపేవాడూ, ఎత్తున పనిచేసేవాడూ కంటి పరీక్ష పాసైనట్టు కాగితం తేవాలి. దూరం చూపు చాలదు, లోతు కూడా తెలియాలి. ఏది ముందుంది, ఏది వెనకుంది, ఎంత ఎడం ఉంది, ఇది మనకు రెండు కళ్ళూ కలిసి చెప్పే సంగతి. ఒక్కో కన్ను ఒక్కో పక్క నించి చూస్తుంది, రెండు బొమ్మలనూ మెదడు కలిపి లోతు కడుతుంది. రెండు కళ్ళూ బాగుండి కూడా కలవకపోతే, ఒక కన్ను పనిచేస్తుంటే రెండోది పడుకుంటుంది. అత్తారింట్లో ఇద్దరు తోడల్లుళ్ళలాగా అన్నమాట. ఒకాయన మాట్లాడుతుంటే రెండో ఆయన కిటికీలోంచి చూస్తుంటాడు.

ఆ సంగతి పట్టుకోవడానికి నా దగ్గర ఒక పెట్టె ఉండేది. దాని ముఖాన నాలుగు గుండ్రటి దీపాలు. పైన ఒక ఎరుపు, పక్కలకు రెండు ఆకుపచ్చలు, కింద ఒక తెలుపు. పరీక్షకు వచ్చినవాడికి కుడి కంటికి ఎర్ర అద్దం, ఎడమ కంటికి పచ్చ అద్దం ఉన్న కళ్ళజోడు పెడతాం. ఎర్ర అద్దంలోంచి పచ్చదీపాలు కనపడవు, పచ్చ అద్దంలోంచి ఎర్రదీపం కనపడదు, తెల్లది రెండింటికీ కనపడుతుంది. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తే మొత్తం నాలుగు. పచ్చ అద్దం వెనక కన్ను పడుకుంటే రెండే. ఎర్ర అద్దం వెనకది పడుకుంటే మూడు. అంతే పరీక్ష. మా ఉద్యోగంలో ఇంతకంటే తేలికైనది లేదనుకునేవాణ్ణి.

ఆ పెట్టె పట్టుకుని సైట్లోని రేకుల షెడ్డుకు వెళ్ళాను. బయట లైను మదీనాగూడ దాకా ఉంది. మొదటివాడు వచ్చి కళ్ళజోడు పెట్టుకుని, "నాలుగు" అన్నాడు. పాసు. రెండోవాడూ నాలుగే. నాలాంటి వేగం గల పరీక్షకుడు ఆంధ్రదేశంలో పుట్టలేదనుకుంటూ సంతకాలు గీకుతున్నాను. మధ్యాహ్నానికి వేగం ఇంకా పెరిగింది. ఒక తాపీమేస్త్రీ కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకుని నాలుగన్నాడు. ఇంకొకాయన కళ్ళజోడు చేతిలో ఉండగానే నాలుగన్నాడు. కరెంటు పోయి పెట్టె చీకటిగా ఉన్నప్పుడు వచ్చిన వెల్డరు కూడా, నా మర్యాద కోసం కాసేపు దానివైపు తేరిపార చూసి, "నాలుగు సార్" అన్నాడు. నేను అతనికీ సంతకం పెట్టాను. ఆకలి మీదున్నాను, పైగా అతను చెప్పింది సరైన సమాధానమే కదా.

విషయం చాలా రోజుల తర్వాత తెలిసింది. బయటికి వెళ్ళిన ప్రతివాడూ లైన్లో ఉన్నవాళ్ళకు నాలుగు వేళ్ళు చూపించి వెళ్తున్నాడు. అందులో మోసం చేద్దామన్న ఆలోచన లేదు. పనిచోట ఒకరికొకరు చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. పైన మేకు పొడుచుకొచ్చి ఉందనీ, ఆ పలక వదులుగా ఉందనీ ఎలా చెప్పుకుంటారో ఇదీ అలాగే చెప్పుకున్నారు. తప్పు నాది. నేను "ఎన్ని?" అని అడిగాను. "ఏం కనపడుతోంది? ఏ రంగు? ఎక్కడ?" అని అడగాలి. చిన్నవాళ్ళు ఈ ఒక్క వాక్యం రాసి పెట్టుకుంటే చాలు, మిగతాదంతా నా గొప్పలు.

ఆ నాలుగులవాళ్ళలో ఒకడు క్రేను డ్రైవరు. ఈ కథంతా అతనిది. పాలమూరు వైపు మనిషి, ముప్పై దాటాయి, నాకంటే పెద్దవాడు. చిన్నప్పుడు తట్ట మోశాడు, తర్వాత లారీ క్లీనరు, తర్వాత చక్రాల క్రేను మీద సహాయకుడు, చివరికి ఆ సీట్లో కూర్చున్నాడు. క్రేను కొమ్ముకు గ్రానైటు పలకల కట్ట వేలాడదీసి, ఇరవై ముప్పై అడుగుల అవతల ఇనప స్టాండు మీద దించడం అతని పని. కట్టను చేత్తో పట్టుకుని స్టాండులోకి సర్దేవాడు అతని సొంత బావమరిది.

వానాకాలం మొదలైంది. ఒక మబ్బు రోజు, పొద్దున్నే, ఆ కట్ట స్టాండు పైన ఆగకుండా జానెడు ఎక్కువ దిగి దాన్ని గుద్దేసింది. వరండాలో ఉన్న నాకు వినపడిన చప్పుడుకు ఎదురుగా కూర్చున్న ముసలాయన శుక్లం తనంతట తనే జారిపోతుందేమో అనుకున్నాను. పలకలు ముక్కలయ్యాయి. బావమరిది వెనక్కి గెంతాడు, చెప్పు మాత్రం కట్ట కింద ఉండిపోయింది. ఆ చెప్పును తర్వాత నేను చూశాను. ఇందులో అతిశయోక్తి లేదు, దాన్ని కాగితంలా మడవొచ్చు.

మెకానిక్కులొచ్చి బ్రేకు విప్పారు, తాడు కొలిచారు, హైడ్రాలిక్ నూనె మార్చారు. యంత్రం నిక్షేపంగా ఉంది. డ్రైవరు కళ్ళ సంగతి ఎవరికీ తోచలేదు. తోచకపోవడానికి కారణం, ఆఫీసు ఫైల్లో నా సంతకం ఉన్న కాగితం.

ఇక్కడ నా గద్దచూపు రంగప్రవేశం చేస్తుంది. మూడు రోజుల తర్వాత ఎండ కాసింది. నేను నాలుగురోడ్ల దగ్గర టీ బండి ముందు నిలబడి ఉన్నాను. అక్కణ్ణించి క్రేను రెండు ఫర్లాంగులు. దుమ్ముపట్టిన అద్దం వెనక డ్రైవరు తల ఎత్తి సూర్యుడివైపు తిరిగాడు. తిరగ్గానే ఎడమ కన్ను మూశాడు. ఎండలోకి రాగానే ఒక కన్ను మూసుకునేవాడి కళ్ళు కలిసి లేవని మా పుస్తకాల్లో మొదటి పాఠం. చేతిలోని టీ అక్కడే వదిలేసి పరుగెత్తాను. రెండు లారీల కింద నించీ, ఒక గేదెల మంద మధ్య నించీ దూసుకెళ్ళి, అతన్ని కాబిన్లోంచి దించి చెయ్యిపట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాను. తీసుకొచ్చి, నా మేధస్సులో మెరుపు మెరిసి, పెట్టెలోని ఒక పచ్చ దీపం మీద నల్ల టేపు అంటించాను. ఇప్పుడు రెండు కళ్ళూ పనిచేసేవాడికి మూడే కనపడాలి. కళ్ళజోడు పెట్టి అడిగాను.

"నాలుగు సార్" అన్నాడు.

కళ్ళజోడు తీసి పెట్టె చూపించాను. మూడు దీపాలు, ఒక టేపు ముక్క. అతను వేలితో ఆ టేపును తాకాడు. "నిజంగా ఎన్ని కనపడ్డాయన్నా?" అన్నాను.

"రెండు. అప్పుడు షెడ్డుల గుడ రెండే."

తర్వాత ఒక్కొక్కటీ చెప్పాడు. సాయంత్రమయ్యేసరికి ఎడమ కన్ను పక్కకు జారుతుందట. చిన్నప్పటినించీ అంతేనట. మరి ఇన్నేళ్ళూ కట్టలు ఎలా దించావంటే, "నీడ" అన్నాడు. కట్ట కిందికి దిగుతుంటే నేలమీద దాని నీడ వచ్చి కలుస్తుంది. కట్టా నీడా ఒకదాన్నొకటి ముట్టుకునే ముందు లివరు ఆపాలి. అంతే అతని లెక్క. ఎండ ఉన్నంతకాలం అతనంత సున్నితంగా దించేవాడు ఆ సైట్లో లేడు. మబ్బు పడితే అతనికి నేల ఎక్కడుందో తెలియదు. నేను ఎన్నో వేల కళ్ళు చూశాను గానీ, ఒక కంటితో, సూర్యుణ్ణి ఉద్యోగంలో పెట్టుకుని, ఇంత పని చేసినవాణ్ణి చూడలేదు.

డాక్టరమ్మగారు పరీక్ష చేశారు. రెండు కళ్ళూ విడివిడిగా బంగారం, కలవడమే రాదు. అలవాటు చేస్తే రావచ్చు, ఈ వయసులో రాకపోనూ వచ్చు అన్నారు. తర్వాత నావైపు తిరిగి ఆ రోజుకు మిగిలిన మాటలన్నీ వాడేశారు.

"కాగితం మీద సంతకం నీది. వెళ్ళి అది తప్పని నువ్వే చెప్పు. ఆ తర్వాత ఇతనికి ట్రైనింగు కూడా నువ్వే ఇవ్వు."

సైటు మేనేజరు అనంతపురం మనిషి. బల్ల మీద నా సర్టిఫికెట్టు పెట్టుకుని నేనూ డ్రైవరూ చెప్పింది పూర్తిగా విన్నాడు. కేకలేస్తాడనుకున్నాను. కేకలెయ్యలేదు, అదే ఇబ్బందైంది.

"కండ్లు బాగుండాయని రాసిచ్చినోడివి నువ్వే. బాగలేవని చెప్తాండేదీ నువ్వే. రేపు మళ్ళా బాగైనాయని వచ్చేదీ నువ్వే. నీ మాట నేనెట్లా నమ్మేదప్పా?"

నన్ను పక్కన పెట్టి తన షరతు చెప్పాడు. వేరే సైటు నించి తెచ్చిన డ్రైవరు దసరా దాకా ఉంటాడట. ఆలోగా ఇతని కళ్ళు దారికొస్తే ఆ సీటు ఇతనిది, లేకపోతే ఇక ఎక్కేది లేదు. వచ్చాయో లేదో తేల్చడానికి నా కాగితం అక్కర్లేదు, తనే చూసుకుంటానన్నాడు. అందాకా డ్రైవరు కింద ఉండి పలకలు మొయ్యాలి.

బయటికొచ్చాక అతను నాతో ఒకే మాట అన్నాడు. "మా ఇంట్ల మా తాత మోసిండు, మా నాయిన మోసిండు, మా అమ్మ మోసింది. రాయిని నెత్తిన వెట్టకుండ లేపినోన్ని నేనొక్కన్నే సారు." అనేసి వెళ్ళి, కింద నిలబడి పలక అందుకున్నాడు. దాన్ని నెత్తిన పెట్టుకోలేదు. భుజమ్మీద పెట్టుకున్నాడు. దసరా దాకా భుజమ్మీదే మోశాడు.

ట్రైనింగు అంటే మీరేవో యంత్రాలు ఊహించుకోకండి. సూత్రం ఒక్కటే. పడుకున్న కన్ను తెరుచుకుంటే తప్ప కనపడనిది ఏదో ఒకటి దాని ముందు పెట్టడం. తెల్ల కాగితం మీద ఎర్ర పెన్సిలుతో గీస్తే ఎర్ర అద్దంలోంచి చూసే కంటికి ఆ గీత మాయమవుతుంది. పచ్చ అద్దం వెనక కంటికి మాత్రం నల్లగా కనపడుతుంది. అతనికి పడుకునేది ఎడమ కన్ను, పచ్చ అద్దం ఎడమ పక్కే. అంచేత ఎర్ర పెన్సిలు రాత చదవాలంటే ఎడమ కన్ను లేవక తప్పదు. రోజూ ఇంట్లో అరగంట చదవమన్నాను. చదువు రాదన్నాడు. అతని ఇల్లాలికీ రాదు. నా శాస్త్రమంతా అక్కడ ఆగిపోయింది.

దాన్ని ముందుకు నెట్టింది ఆ ఇల్లాలే. హఫీజ్‌పేట్ స్టేషను వెనక వాళ్ళ గది. నేను వెళ్ళి సంగతంతా విప్పి చెబితే ఆవిడ విని, చుక్కలు పెడితే సరిపోతుందా అని అడిగింది. ఎర్ర పెన్సిలుతో కాగితం నిండా ముగ్గు చుక్కలు పెట్టింది. భర్త చేతికి నల్ల పెన్సిలిచ్చి కలపమంది. కళ్ళజోడు పెట్టుకుంటే, ఎడమ కన్ను మేలుకున్నంతసేపే చుక్కలుంటాయి. అది కునుకు తీసిందంటే ముగ్గు మధ్యలో తెల్ల కాగితం మిగులుతుంది. మొదటిరోజు అతను వేసిన ముగ్గు పాలమూరు జిల్లా మ్యాపులా ఉంది. ఇల్లాలు దాన్ని కిటికీ ఊచకు గుచ్చి, "గిట్ల ఏస్తే లచ్చిమి మనింటి దిక్కు గుడ సూడదు" అంది. క్రేను నడిపే మగాడు ముగ్గులేస్తున్నాడన్న వార్త వీధి వీధంతా పాకింది. చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం ఒక లోకల్ రైలు అదనంగా వేశారని నా అంచనా.

చిక్కు కళ్ళజోడుతో వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నది ఒక్కటే జత, అది బయటికి వెళ్ళకూడదు. ఇంటికి ఇంకో జత కావాలంటే మాస్టరుగారు ఛాతీ తట్టుకున్నారు. "ఫికర్ మత్ కరో భాయ్, సాయంత్రానికి తయార్." షాదీ దీపాలకు చుట్టే రంగు కాగితాలు పాత ఫ్రేములో బిగించి ఇచ్చారు. పెట్టుకుని చూస్తే నాకే పెళ్ళికొచ్చినట్టుంది. వారం తిరక్కుండా డ్రైవరు తొమ్మిది చుక్కల ముగ్గు తప్పులేకుండా తెచ్చాడు. పది రోజులకు పదిహేను చుక్కల తామరపువ్వు. నేను వరండాలో ఉన్నవాళ్ళందరికీ మిఠాయి పంచాను. డాక్టరమ్మగారు మిఠాయి పక్కన పెట్టి, మన పెట్టెతో చూడమన్నారు. చూశాను. రెండే దీపాలు.

ఆ రాత్రి నిద్రపట్టలేదని రాయాలి గానీ, పట్టింది. పొద్దున్న మెలకువ వచ్చాక మాత్రం ఒకటి తోచింది. ఆ పెళ్ళి కళ్ళజోడు తీసుకుని కుడి కంటితో ఎర్ర చుక్కలను చూశాను. పలచగా, గులాబీ రంగులో, ఒక్కటీ పోకుండా కనపడుతున్నాయి. రంగు కాగితం చాలలేదు. పది రోజులపాటు ముగ్గులన్నీ ఆ బాగున్న కన్నే వేసింది, పడుకున్నది పడుకునే ఉంది. రంగు అద్దంతో పని మొదలుపెట్టే ముందు ఆ అద్దాన్నే పరీక్షించాలి. రెండో తప్పు కూడా నాదే. మాస్టరుగారు మాత్రం తనదే అన్నారు. రెండు రోజులు స్కూటరు చప్పుడు కూడా తగ్గింది. ఎరుపు రెండు పొరలు, పచ్చ మూడు పొరలు వేసి, ఒక్కో పొరకూ చుక్కలు చూసుకుంటూ, చుక్క పూర్తిగా మాయమయ్యేదాకా కూర్చున్నారు. కుర్చీలోంచి లేచి, "అబ్ దేఖో, అమావాస్య" అన్నారు.

మళ్ళీ మొదటినించీ. ఈసారి మూడు వారాలు పాలమూరు మ్యాపులే. డ్రైవరు పగలు పలకలు మోసేవాడు, సాయంత్రం నా దగ్గరికొచ్చి దారానికున్న పూసలను ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ రెండు కళ్ళనూ లోపలికి తిప్పేవాడు, ఇంటికెళ్ళి ముగ్గేసేవాడు. తలనొప్పనేవాడు గానీ మానేస్తాననలేదు. ఒకరోజు మాత్రం, ఇది అయ్యే పనేనా అని అడిగాడు. నేను మామూలుగా ఏది అడిగినా మూడు రెట్లు చేసి చెబుతాను. ఆ రోజు నాకు తెలియదని చెప్పాను. అతను తలూపి, కాగితం మీదికి వంగి, ఆగిన చుక్క దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టాడు.

నా దగ్గర ఇంకొక పుస్తకం ఉండేది. మామూలుగా చూస్తే పేజీ నిండా ఎరుపూ పచ్చా చుక్కల గందరగోళం. కళ్ళజోడు పెట్టుకుని రెండు కళ్ళతో కలిపి చూస్తే ఆ గందరగోళంలోంచి ఒక బొమ్మ పైకి లేస్తుంది. ఒక్క కంటితో వెయ్యేళ్ళు చూసినా లేవదు, అందులో దొంగతనానికి వీల్లేదు. అందులోని సీతాకోకచిలుకను అతను అప్పటికి ఎన్నోసార్లు చూడబోయి ఓడిపోయాడు. ఒక గురువారం సాయంత్రం, నేను ఎవరికో నంబరు రాస్తూ వీపు తిప్పి ఉన్నాను.

"లేశింది సారు" అన్నాడు.

తిరిగి చూస్తే, పేజీకి రెండంగుళాల పైన గాలిలో రెండు వేళ్ళతో దేన్నో పట్టుకోబోతున్నాడు. చాలా మెల్లగా, రెక్క నలిగిపోతుందేమో అన్నట్టు. తర్వాత కళ్ళజోడు తీసి గది చూశాడు, బల్ల చూశాడు, నన్ను చూశాడు. "మీ ముక్కు గింత ముంగటికుంటదా" అన్నాడు. నా జీవితంలో నా ముక్కుకు దక్కిన ఏకైక గౌరవం అదే. మాస్టరుగారు వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చి తన ముక్కు కూడా చూపించారు. డాక్టరమ్మగారు తలుపు దగ్గర నిలబడి, "మంచిది" అన్నారు. ఆవిడ నోట ఆ మాట నా సర్వీసులో మూడుసార్లు విన్నాను. మిగతా రెండూ కాఫీ గురించి.

దసరా ముందు వారం మేనేజరు మమ్మల్ని పిలిచాడు. కావాలనే ఎంచుకున్నాడేమో, ఆ రోజు ఆకాశం అటునించి ఇటు ఒకటే మబ్బు. ఊళ్ళో ఎవడికీ నీడ లేదు. నేల మీద ఇసక పోయించి, దానిమీద క్యాంటీన్ నించి తెచ్చిన ఒక పచ్చి కోడిగుడ్డు నిలబెట్టించాడు. ఒక పలకల కట్ట తెచ్చి ఆ గుడ్డు మీదికి దించాలి. గుడ్డు పగలకూడదు. గుడ్డుకూ కట్టకూ మధ్య నించి అడ్డంగా ఒక అగ్గిపెట్టె దూరాలి, నిలువుగా దూరకూడదు. కింద నించి చెయ్యి చూపడం, కేకెయ్యడం లేవు. బావమరిదిని పదడుగులు వెనక్కి నిలబెట్టాడు.

పని ఆపేసి జనమంతా చేరారు. గోడలమీద, పరంజామీద, మిగిలినవాళ్ళు ఒకరి భుజాలమీద ఒకరు. హైదరాబాద్‌లో అంత జనాన్ని గణేశ్ నిమజ్జనంలో కూడా చూడలేదు. డ్రైవరు సీటెక్కే ముందు మెట్టును ఒకసారి చేత్తో తాకి ఎక్కాడు.

కట్ట లేచింది, తిరిగింది, గుడ్డుపైకి వచ్చింది. దిగడం మొదలైంది. నడుమెత్తు దాకా వచ్చి ఆగింది. నేను కాబిన్ పక్కనే ఉన్నాను. అతని తల కిందికి వంగి ఉంది. నేలమీద వెతుకుతున్నాడు. ఎందుకో నాకు తెలుసు. ఇన్నేళ్ళ అలవాటు, నీడ కోసం చూస్తున్నాడు. లేని నీడ ఎక్కణ్ణించి వస్తుంది? కట్ట గాలికి కొద్దిగా ఊగింది. పరంజా మీద ఎవడో నవ్వాడు. మేనేజరు చేతులు కట్టుకున్నాడు.

అప్పుడు అతను తలెత్తాడు. నేలనొదిలేసి కట్టనూ గుడ్డునూ కలిపి చూశాడు. ఊగుడు ఆగేదాకా ఆగాడు. లివరు మీద చెయ్యి కదిలిందో లేదో, కట్ట దిగింది. దిగింది. ఇంకా దిగింది. ఇసక మీద గుడ్డు ఉంది, దానిమీద ఒక లారీ బరువు రాయి ఉంది, మధ్యలో ఏమీ లేదనిపించింది నాకు. ఆగింది.

మేనేజరు వెళ్ళి మోకాళ్ళమీద కూర్చున్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి అడ్డంగా తోశాడు. దూరింది. నిలువుగా పెట్టి తోశాడు. దూరలేదు. మళ్ళీ తోశాడు. లేచి, ప్యాంటుకంటిన ఇసక దులుపుకుని, కాబిన్ దగ్గరికి వచ్చాడు.

"అద్దాలోడి మాట నేను నమ్మను. నీ చెయ్యి నమ్మినా. పొద్దున్నే వచ్చి బండెక్కు."

తర్వాత జరిగిందాన్ని చెప్పాలంటే నాకున్న అతిశయోక్తులన్నీ చాలవు. బావమరిది గుడ్డును తీసి తలమీదికెత్తి ఊరేగింపుగా తిప్పాడు. మాస్టరుగారు నన్ను కావలించుకుని పైకెత్తారు. మబ్బుల్లోంచి మొదటిసారి కొండాపూర్ పూర్తిగా చూశాను. ఆ ఇల్లాలు మర్నాడు మా ఆసుపత్రి వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు పెట్టింది. అది భర్త చేత వేయించిందని మాస్టరుగారి అనుమానం. ఆ ఏడాదంతా అతను మబ్బులోనూ ఎండలోనూ ఒకేలా దించాడు. ఆ భవనం ముఖాన ఉన్న గ్రానైటు పలకలు ఎక్కించింది అతనే. మళ్ళీ జరిగిన క్యాంపులో పెట్టె మీద టేపుతో పదకొండు మంది దొరికారు. అందులో చీకట్లో చూసిన వెల్డరు కూడా ఉన్నాడు.

ఇక నేను కల్పించిన సంగతి. అది గుడ్డు అనుకుంటున్నారు కదూ. గుడ్డు నిజం. ముగ్గు నిజం, చెప్పు నిజం, సీతాకోకచిలుక నిజం. అబద్ధం టీ బండి. రెండు ఫర్లాంగుల అవతల, దుమ్ముపట్టిన అద్దం వెనక ఉన్న మనిషి కన్ను మూశాడో తెరిచాడో ఎవడికి కనపడుతుంది? నేనేమీ పట్టుకోలేదు. నా సంతకం తప్పయి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. పలకలు పగిలిన మూడోరోజు అతనే వచ్చాడు. చీటీ తీసుకుని, తన నంబరు పిలిచేదాకా వరండాలో కూర్చున్నాడు. లోపలికొచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"మొన్న నాలుగని జెప్పిన సారు. కనవడ్డయి రెండే. మా బావమర్ది కాలు వోతుండె. నన్ను ఫెయిల్ చెయ్యుండ్రి."

పాస్ చెయ్యమని అడిగినవాళ్ళు నా సర్వీసులో లెక్కలేనంతమంది. ఫెయిల్ చెయ్యమన్నవాడు ఒక్కడే. నేను పెట్టె మూసేస్తుంటే, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి ఇంకొక మాట చెప్పాడు.

"ఒక బల్బు బంద్ వెట్టి అడుగుండ్రి సారు. ఎవడు సూస్తుండో, ఎవడు ఉత్తగ జెప్తుండో ఎరుకైతది."

ఆ టేపు నా తెలివేనని, దాంతో అతన్నే పట్టుకున్నానని ఇన్నేళ్ళూ చెప్పుకుని బతికాను.